ఉప్పునీళ్ళ ధర

సెలైన్ ఫ్యాక్టరీ, ఆఫీసు గది
జనవరి 12

అమ్మడూ,

నీ ఆర్డరు అందింది. ఒక కాపీ పోస్టులో వచ్చింది, ఇంకొకటి మా గేటుకి అంటించి వెళ్ళారు. అంటించడానికి వచ్చినతను జిగురు లేదని మా క్యాంటీన్లో గుప్పెడు పిండి అడిగి ఉడకబెట్టించుకున్నాడు. దేశం అప్పులు కట్టలేక చేతులెత్తేసిందని అక్టోబరు నుంచీ పేపర్లో చదువుతూనే ఉన్నాను. జిగురుకి కూడా గతిలేదని ఇప్పుడే తెలిసింది.

సెలైన్ సీసా ఇరవై రెండుకి మించి అమ్మకూడదు, అమ్మితే లైసెన్సు రద్దు, ఆపైన జైలు. కింద నీ సంతకం. నీ సంతకం తోక అచ్చం మీ అన్నయ్య సంతకం తోకలాగే ఉంటుంది. పోయిన నాలుగేళ్ళకి ఆయనే వచ్చి నన్ను జైల్లో పెడతానంటున్నట్టు అనిపించింది ఒక్క క్షణం.

మేం చేసేది ఏమంత గొప్ప పదార్థం? ఉప్పునీళ్ళు. నీళ్ళు కాచి, ఆవిరి పట్టి, వడకట్టి, ఉప్పు కలిపి సీసాలో పోస్తాం. రబ్బరు బిరడా వేసి మళ్ళీ ఆవిరిలో ఉడికిస్తాం. తర్వాత మా డేగకళ్ళావిడ ఒక్కొక్క సీసానీ వెలుగు పెట్టె ముందు తిప్పి నలక ఉందేమో చూస్తుంది. పంతొమ్మిదేళ్ళుగా అదే పని ఆవిడకి. నీళ్ళూ ఉప్పూ మనవే. బిరడాలూ డీజిలూ మాత్రం బయటినుంచి రావాలి. మన డబ్బు విలువ సగానికి పడిపోయాక ఒక్కో సీసాకి నాకు ముప్పై ఒకటి అవుతోంది. నువ్వు చెప్పిన ధరకి అమ్మితే ప్రతి సీసాతోపాటు తొమ్మిది నేనే జతచేసి పంపాలి.

నాకు దయ చూపించక్కర్లేదు. ధర వదిలేయండి, చాలు. ముప్పై అయిదు దగ్గర ఆగుతుంది. నాకంటే తక్కువలో ఇంకెవరైనా చేస్తే నేను ఫ్యాక్టరీ మూసుకుంటాను, ఏడవను. కొనేవాళ్ళూ అమ్మేవాళ్ళూ మాట్లాడుకునే చోట మీరు కుర్చీ వేసుకుని కూర్చోవడం దేనికి?

నీ వదిన

ధరల నియంత్రణ కార్యాలయం, మూడో అంతస్తు
జనవరి 21

వదినా,

పిండి జిగురు సంగతి చదివి నవ్వుకున్నాను. మా లిఫ్టు ఆగిపోయి నెలయింది. ఫైళ్ళు నేనే చంకన పెట్టుకుని ఎక్కుతున్నాను.

నవంబరులో ఒకరోజు పెద్దాసుపత్రి ఎదురుగా మందుల షాపులో వరసలో నిలబడ్డాను. నా ముందు ఒకాయన, భుజం మీద మూడేళ్ళ పిల్ల. వాంతులై తల వేలాడేసింది. సెలైన్ సీసా అడిగితే షాపువాడు డెబ్బై అన్నాడు.

"పొద్దున నలభై అన్నావుగా."

"పొద్దున పొద్దునేనండి. మీ వెనకాల ఎంతమంది ఉన్నారో చూశారా?"

ఆయన వెనక్కి తిరిగి మమ్మల్నందర్నీ చూశాడు, అంతమందిమి రావడం తన తప్పయినట్టు. తర్వాత, "పోనీ సగం సీసా ఇస్తావా?" అన్నాడు. షాపువాడు నవ్వాడు. వరసలో కొందరు నవ్వారు. వాళ్ళలో నేనున్నానో లేదో ఎంత తలుచుకున్నా గుర్తురావడం లేదు. నన్ను నేను అసహ్యించుకునేది అందుకే.

మర్నాడు ఆఫీసుకెళ్ళి ఇరవై రెండు అని రాశాను. కొనేవాళ్ళూ అమ్మేవాళ్ళూ మాట్లాడుకుంటారన్నావు. అక్కడ మాట్లాడింది ఒక్కడే వదినా.

నీ నష్టం సంగతి నేను మరిచిపోలేదు. తేడా మొత్తం ప్రభుత్వమే ఇస్తుంది. దీంతోపాటు ఫారాలు పంపుతున్నాను, మూడు కాపీలు నింపు. మార్చిలోగా డబ్బు వస్తుంది. ఇది నా మాట.

నీ ఆడపడుచు

సెలైన్ ఫ్యాక్టరీ
మార్చి 4

అమ్మడూ,

నీ ఫారం మూడుసార్లు తిరిగొచ్చింది. మొదటిసారి నల్ల సిరాతో సంతకం చేశానని. రెండోసారి మీ అన్నయ్య చనిపోయినట్టు కొత్త ధ్రువపత్రం కావాలని, పాతది పాతబడిందట. మూడోసారి పథకమే ఎత్తేశామని ఒక చీటీ గుచ్చి పంపారు. మనకి అప్పులిచ్చినవాళ్ళు ఖర్చు తగ్గించమన్నారట.

అంటే, ధర పెంచకూడదన్నది మీ మంత్రిగారి కోరిక, తేడా ఇవ్వకూడదన్నది అప్పులిచ్చినవాళ్ళ కోరిక. ఇద్దరి కోరికా తీర్చారు. ఇంత చక్కగా కుదిర్చినవాళ్ళెవరో గానీ వాళ్ళ చేతులు కడిగిన నీళ్ళు కూడా వాసన వేస్తాయి.

రెండు లైన్లలో ఒకటి ఆపేశాను. ముప్పై ఒక్కమందిలో పద్నాలుగుమందిని ఇంటికి పంపాను. గోడౌన్లో ఆరు వేల సీసాలున్నాయి. ఇరవై రెండుకి అమ్మడానికి చెయ్యి రావడం లేదు. మీ ఇన్‌స్పెక్టరు వచ్చి పరీక్షకని నలభై సీసాలు తీసుకున్నాడు. పరీక్షకి నాలుగు చాలు. పట్టుకెళ్ళడానికి అట్టపెట్టె కూడా నేనే ఇచ్చాను.

ఇంకొకడొచ్చాడు. తెల్లబూట్లు, తెల్ల చొక్కా. కూర్చునేముందు కుర్చీ తుడుచుకున్నాడు, లేచాక చేతులు తుడుచుకున్నాడు. సీసా అరవైకి ఎన్ని ఉంటే అన్నీ తీసుకుంటాడట, కాగితం అక్కర్లేదట. "ఎవరండీ మీరు, వ్యాపారా?" అంటే, "నన్ను మార్కెట్ అనుకోండమ్మా" అన్నాడు.

టీ ఇచ్చి పంపేశాను. నేను నిన్ను అడిగింది ధర వదిలేయమనే. వదిలేసిన ధర ఆ తెల్లబూట్లలో నడిచొస్తుందని మాత్రం అనుకోలేదు.

నీ వదిన

రాజధాని, ఇంటి నుంచి
మార్చి 16

వదినా,

ఆఫీసు కాగితం మీద రాయడానికి సిగ్గేసి ఇంటి నుంచి రాస్తున్నాను.

అప్పులిచ్చినవాళ్ళ తరఫున ముగ్గురొచ్చారు. హోటల్లో చల్లటి గదిలో రెండు రోజులు కూర్చున్నాం. ధరల మీద పట్టు వదిలితే సరుకు దానంతటదే వస్తుందని బొమ్మలు గీసి చూపించారు. భోజనాల దగ్గర వాళ్ళలో ఒకాయన నన్ను పక్కకి పిలిచి, "మీరు పొద్దుట్నుంచీ చెబుతున్న ఈ సెలైన్, అది తాగేదా?" అని అడిగాడు. మా మంత్రిగారి దగ్గరకెళ్తే ఆయన బాధ ఇంకొకటి: పట్టు వదిలితే జనం రోడ్డెక్కుతారు, వదలకపోతే అప్పు పుట్టదు. చివరికి మధ్యేమార్గం దొరికింది. దేశంలోకెల్లా పెద్దదైన ఒక్క కంపెనీకి ధర పరిమితి నుంచి మినహాయింపు. మీలాంటి చిన్నవాళ్ళకి పాత ధరే. ఆ కాగితం ఎవరు రాశారని అడగకు.

ఇప్పుడు నేను చెప్పకూడని మాట చెబుతున్నాను. సరుకు దాచినవాళ్ళ మీద దాడులు మొదలవబోతున్నాయి. నీ ఆరు వేలూ మీ ఊరి ఆసుపత్రికి ఇరవై రెండుకే ఇచ్చెయ్యి. నష్టమే, నాకు తెలుసు. నా పొదుపులోంచి కొంత పంపుతున్నాను. ఆ తెల్లబూట్ల మనిషికి మాత్రం ఒక్క సీసా కూడా ఇవ్వకు.

నీ ఆడపడుచు

సెలైన్ ఫ్యాక్టరీ
ఏప్రిల్ 3

అమ్మడూ,

నువ్వు పంపిన డబ్బు తిప్పి పంపుతున్నాను. అందరికీ జీతాలిచ్చేశాను, ఇంటికి పంపినవాళ్ళకి కూడా. డీజిలు బాకీ కూడా తీరింది.

ఎలాగని అడగకు. ఆ కాగితం సంగతి అడగొద్దన్నావు, నేను అడగలేదు.

ఎండలు మొదలయ్యాయి. నీ ఆరోగ్యం చూసుకో.

నీ వదిన

ధరల నియంత్రణ కార్యాలయం
ఏప్రిల్ 25

నిర్వాహకురాలు గారికి,

ఈ నెల 22న మీ గోడౌన్లో జరిపిన తనిఖీలో నాలుగు వేల సెలైన్ సీసాలు స్వాధీనం చేసుకుని, మీ ఫ్యాక్టరీ ఎదురుగా ఉన్న ప్రభుత్వ గిడ్డంగిలో సీలు వేసి ఉంచడమైనది. కేసు తేలేవరకు వాటిని కదిలించరాదు.

మార్చి మొదటివారానికి మీ వద్ద ఆరు వేల సీసాలు ఉన్నట్టు ఈ కార్యాలయానికి తెలుసు. తక్కిన రెండు వేలు ఏమయ్యాయో పదిహేను రోజుల్లో రాతపూర్వకంగా తెలపగలరు.

డిప్యూటీ కంట్రోలర్

సెలైన్ ఫ్యాక్టరీ
మే 9

డిప్యూటీ కంట్రోలర్ గారికి,

మీరు అడిగిన సమాధానం రాతపూర్వకంగా ఇదిగో.

ముందు నా కిటికీలోంచి కనిపించేది చెబుతాను. రోడ్డుకి అవతల మీ రేకుల గిడ్డంగి. తలుపుకి తాళం, తాళానికి గుడ్డ, గుడ్డ మీద లక్క. లోపల నాలుగు వేల సీసాలు. ఊళ్ళో నీళ్ళ సరఫరావాళ్ళు డబ్బుల్లేక క్లోరిన్ కొనడం మానేసి నెలయింది. ఏప్రిల్ ఆఖరి వారం నుంచి వాంతులు, విరేచనాలు. ఆసుపత్రిలో మంచాలు చాలక వరండాలో పడుకోబెడుతున్నారు. సెలైన్ లేదు. పెద్ద కంపెనీ సరుకు ఇటు రాలేదు.

మా డేగకళ్ళావిడ భర్త బస్సుల మెకానిక్కు. ఆయన్నీ అక్కడికే తీసుకెళ్ళారు. డాక్టరు ఆరు సీసాలకి చీటీ రాసిచ్చాడు. బయట షాపులో సీసా నూట ఎనభై. ఉన్నదంతా ఊడ్చితే రెండు వచ్చాయి. మూడో రోజు మధ్యాహ్నం పోయాడు.

మొన్న సోమవారం ఆవిడ పనిలోకి వచ్చింది. తిన్నగా నా గదిలోకి వచ్చి ఖాళీ సీసా ఒకటి నా టేబులు మీద పెట్టింది.

"ఇది నేను చూసి పంపిందేనమ్మా. లేబులు మీద నా గుర్తుంది. నలక లేదు దీంట్లో."

సీసా చేతిలోకి తీసుకుని ఆ గుర్తు చూశాను.

"మన సరుకు ఆ షాపుకి ఎలా వెళ్ళిందో కనుక్కోండి. మన దగ్గరే ఎవరో దొంగ ఉన్నారు" అంది.

కనుక్కుంటానన్నాను. అమ్మడూ, ఆ మాట అన్న నోరు నాకే రోతగా ఉంది. ఎన్నిసార్లు పుక్కిలించినా పోవడం లేదు.

మార్చి 27న తెల్లబూట్లవాడికి రెండు వేల సీసాలమ్మాను, అరవైకి. ఇదీ నీ లెక్క తేలని రెండు వేలు. నెలాఖరు, జీతాలు, ఇంటికి పంపినవాళ్ళు గేటు దగ్గర కూర్చునేవాళ్ళు. ఇవన్నీ నిజమే. కానీ వాడు డబ్బు టేబులు మీద పెట్టినప్పుడు నాకు సంతోషం కలిగింది. అదీ నిజమే. నీ ఆర్డరుని గెలిచాననుకున్నాను.

నన్ను "మీరు" అన్నావు. అను. ఆ తాళం మాత్రం తియ్యి.

నీ వదిన

రాజధాని, ఇంటి నుంచి
మే 17

వదినా,

నీ ఉత్తరం అందిన రోజే కమిషనరు గదికి వెళ్ళాను.

"సార్, ఆ ఊళ్ళో జనం చచ్చిపోతున్నారు."

"అది ఆరోగ్య శాఖ చూసుకుంటుందమ్మా."

"మందు మన గిడ్డంగిలో ఉంది."

"అది మందు కాదు. కేసులో సాక్ష్యం. పోగొట్టావనుకో, రేపు కోర్టులో ఏం చూపిస్తాం?"

"కేసు ఎప్పుడు తేలుతుంది సార్?"

"మొదటి వాయిదా సెప్టెంబరులో" అని ఆయన గొంతు తగ్గించి, "ఆవిడ మీ వదినగారటగా. ఈ ఫైలు జోలికి నువ్వు రాకపోవడమే మంచిది" అన్నాడు, నాకేదో మేలు చేస్తున్నట్టు.

విడుదల ఉత్తర్వు నేనే రాసి నేనే సంతకం పెట్టాను. అలాంటి అధికారం నాకు లేదు. లారీ మాట్లాడుకుని మీ ఊరు వచ్చాను. తాళంచెవి ఉన్నవాడు సెలవులో ఉన్నాడు. లారీ డ్రైవరు జాకీ కడ్డీ తెచ్చి, "మీరు పక్కకి జరగండమ్మా, మీ చేతులకి ఇది రాదు" అన్నాడు. ఇలా తెండి, నేనే పగలగొడతానన్నాను. నాలుగో దెబ్బకి ఊడింది.

లోపల రేకుల కింద పొయ్యిలో ఉన్నట్టుంది. మూడొందల సీసాలకి పైగా బిరడాలు ఉబ్బిపోయి పనికిరాకుండా పోయాయి. మిగతావి ఆసుపత్రికి చేర్చాం. వరండాలో అడుగు పెట్టడానికి చోటు లేదు. ఆ వాసన ఇంకా నా చీరలో ఉంది, రెండుసార్లు ఉతికినా. నర్సమ్మ నన్నెవరని అడగలేదు, ధరెంతని అడగలేదు. "ఇంకా ఉన్నాయా?" అని మాత్రం అడిగింది.

నీ గేటు ముందు నుంచే వెళ్ళాను. లోపలికి రాలేదు. నిన్ను చూడబుద్ధి కాలేదు. చూస్తే ఏం మాటలంటానో, తిరిగి నువ్వేమంటావో. నువ్వు అనగలిగింది కూడా ఉంది మరి: పెద్ద కంపెనీకి మినహాయింపు కాగితం రాసింది నేనే. పై నుంచి చెప్పారు, రాశాను. వాక్యాలు బాగా కుదిరాయని మెచ్చుకున్నారు కూడా. ఇప్పుడు తెలిసింది, ఆ కంపెనీ సరుకంతా ఓడెక్కిస్తోందట. బయటి దేశంలో మంచి డబ్బు వస్తుంది, ఆ డబ్బుతో మన అప్పు వాయిదా కట్టొచ్చని ప్రభుత్వమే వెన్ను తట్టిందట.

నిన్న సస్పెన్షన్ కాగితం ఇచ్చారు. విచారణ ఉంటుంది.

నువ్వు అమ్మావు, నేను తాళం వేశాను. ఆయన ఏ సీసా అందక పోయాడో ఎవరు తేలుస్తారు? నా సంగతి నేను విచారణలో చెబుతాను. ఆవిడకి నీ సంగతి నువ్వే చెప్పాలి. దొంగ ఎవరా అని ఆవిడ చేత ఇంకా వెతికించకు.

నీ ఆడపడుచు

సెలైన్ ఫ్యాక్టరీ, ఆఫీసు గది
జూలై 8

అమ్మడూ,

నిన్ను తీసేసినట్టు పేపర్లో చూశాను. "బంధుప్రీతితో" అని రాశారు. బంధువుని పట్టించడాన్ని బంధుప్రీతి అంటారని నాకిప్పటిదాకా తెలియదు.

విచారణలో నా వంతు ఎలా జరిగిందో నీకు చెప్పినవాళ్ళుండరు. బల్ల అవతల ముగ్గురు. మీ ఆడపడుచు దాడుల సంగతి మీకు ముందే చెప్పిందా అని అడిగారు. చెప్పింది, సరుకంతా ఇరవై రెండుకే ఆసుపత్రికి ఇమ్మంది, ఇవ్వనిది నేను అన్నాను. నీ ఉత్తరం వాళ్ళ ముందు పెట్టాను, చదువుకోండన్నాను. నీకు చెడే జరిగిందేమో. అబద్ధం చెబితే ఇంకొంచెం మేలయ్యేదేమో. చెప్పలేకపోయాను.

తర్వాత రెండు వేల సీసాలు ఎవరికమ్మారన్నారు. తెల్లబూట్లవాడి పేరు, ఊరు, లారీ నంబరు అన్నీ చెప్పాను. రాసుకుంటున్న గుమస్తా కలం ఆపి పెద్దాయన వైపు చూశాడు. పెద్దాయన గడియారం చూసుకుని, టీకి లేద్దామన్నాడు. వరండాలోకి వచ్చేసరికి తెల్లబూట్లవాడు పక్కగదిలో కూర్చుని ఫైలు తిరగేస్తున్నాడు. మందుల కొరత మీద సలహా సంఘం వేశారట, అందులో సభ్యుడట. నన్ను చూసి లేచి నమస్కారం పెట్టాడు. నేను తిరిగి పెట్టాను. చేతులు వాటంతటవే లేచాయి అమ్మడూ, అలవాటు. ఆ తర్వాత చేతులు రుద్ది రుద్ది కడుక్కున్నాను.

టీ తర్వాత ఆ ప్రశ్న మళ్ళీ రాలేదు. నాకు జరిమానా వేశారు, ఏడాదిపాటు లైసెన్సు ఆపారు. పెద్ద కంపెనీ వాళ్ళు ఫ్యాక్టరీ కొంటామని మనిషిని పంపారు. గేటు దగ్గరే నిలబెట్టి పంపేశాను. ఎన్నాళ్ళు పంపగలనో తెలియదు. నేను ఏ ధరని స్వేచ్ఛగా వదలమని నిన్నడిగానో, నువ్వు ఏ ప్రభుత్వాన్ని నమ్మమని నాకు చెప్పావో, ఆ రెండూ ఎక్కడున్నాయో గానీ మన దగ్గరికి మాత్రం రాలేదు. వచ్చినవాళ్ళు వాటి పేర్లు చెప్పుకుని వచ్చారు.

ఇక నువ్వు చెప్పమన్న సంగతి. రెండు నెలలు వాయిదా వేశాను. నిన్న సాయంత్రం డేగకళ్ళావిడ ఇంటికి వెళ్ళాను. ఒక్కటే గది. పొయ్యి పక్కన ఆయన పనిముట్ల పెట్టె, దాని మీద మడతపెట్టిన నూనె మరకల చొక్కా. ఆవిడ కూరగాయలు తరుగుతోంది. కుర్చీ చూపించింది. నేను కూర్చోలేదు.

"దొంగ ఎవరో తెలిసిందమ్మా" అన్నాను. "నేనే. ఒకడికి అమ్మాను. వాడు షాపుకి అమ్మాడు."

ఆవిడ కత్తిపీట పక్కకి పెట్టింది. ఏడుస్తుందనుకున్నాను, తిడుతుందనుకున్నాను, వెళ్ళిపొమ్మంటుందనుకున్నాను. వాటన్నిటికీ సిద్ధపడే వెళ్ళాను.

"ఎంతకమ్మారు?" అంది.

"అరవైకి."

ఆవిడ పెదాలు కదిలాయి. లెక్క వేసుకుంటోందని నాకు కాసేపటికి గానీ అర్థం కాలేదు.

"మేం రెండు సీసాలకి పెట్టిన డబ్బుకి ఆరూ వచ్చేవి కదమ్మా" అంది. "మమ్మల్ని అడగాల్సింది."

నీ వదిన